చెవులు ఆరేసుకున్న కుందేలు

పిచ్చిగీతలు గీసుకుంటూ ఒక మనిషి బతకవచ్చని చెబితే పిట్ట వాళ్ళమ్మ నమ్మేది కాదు. లెక్కల పుస్తకం అంచుల నిండా తోకలూ మీసాలూ గీసుకుని ఇంటికొచ్చిన కూతురిని పట్టుకుని, ఈ గీతలు నీకు కూడు పెడతాయా అని ఆవిడ అడగని రోజు లేదు. పెట్టాయి. కూడుతో పాటు సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒక గది, కిటికీ వారగా పొడుగాటి బల్ల, నడుంనొప్పికి ఒక మెత్తటి కుర్చీ కూడా అమర్చాయి. అమ్మ అవేవీ చూడకుండానే వెళ్ళిపోయింది. చూసి ఉంటే ఇంకేదో వంక వెతికేది, అది వేరే సంగతి.

పిట్ట అన్నది అక్క పెట్టిన పేరు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేదట. ఇప్పుడు నలభై దాటింది, చెంపల దగ్గర జుట్టు నెరిసింది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అయినా పిట్టే. బొమ్మ కింద మూలగా పెట్టే సంతకం కూడా అదే కావడంతో కంపెనీల వాళ్ళు గౌరవం తగిలించి పిట్టగారూ అని పిలుస్తారు.

ఆమె బొమ్మలు చాలామంది చూసే ఉంటారు, గీసిందెవరో తెలియకుండా. పిల్లల దెబ్బలకు అంటించే పట్టీల డబ్బా మీద, మెడ కిందికి వంచి తన మోకాలు తనే ఊదుకుంటున్న జిరాఫీ ఆమెదే. లిఫ్టులో ఎక్కువమంది ఎక్కరాదన్న బోర్డు పక్కన పొట్ట లోపలికి బిగించుకుని నిలబడ్డ ఏనుగు ఆమెదే. పళ్ళ డాక్టర్ల గదుల్లో వేలాడే కేలెండరు మీద నోరు తెరవనని మొండికేసిన మొసలీ ఆమెదే. ఇవన్నీ మీకెలా తడతాయండీ అని ఎవరైనా అడిగితే, చెయ్యి గీస్తుంది, నేను చూస్తుంటాను అనేది. అందరూ అది వినయం అనుకునేవాళ్ళు. వినయం కాదు, నిజంగానే ఆమెకు తెలియదు.

ఆ చెయ్యి మాత్రం ఊరికే కదిలేది కాదు. దానికి అక్క గొంతు కావాలి.

అక్క ఒక పెద్ద ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగం చేసేది. పొద్దున్నే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఏడ్చేవాళ్ళను డాక్టర్లకూ అరిచేవాళ్ళను ఆఫీసుకూ ఎవరు కావాలో తెలియనివాళ్ళను విచారణ కౌంటరుకూ కలుపుతూ కూర్చునేది. ఒక్క నిమిషం ఉండండి అన్న మాట తప్ప ఇంకో మాటకు అందులో చోటు లేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి అలాంటి ఉద్యోగం ఇచ్చినవాడెవడో గానీ, ఆ నువ్వుగింజలన్నీ సాయంత్రానికి పిట్ట చెవిలో పడేవి. డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని టీ కప్పు పట్టుకుందంటే ఫోన్ మోగాల్సిందే. ఆదివారాలు మాత్రం చేసేది కాదు. ఆ రోజు బావ ఇంట్లో ఉంటాడు, ఆయనకు వినిపించాల్సినవి ఆయనకుండేవి.

ఫోన్ రాగానే పిట్ట దాన్ని ఖాళీ కప్పుకు ఆనించి స్పీకరు పెట్టేది. జిరాక్సు షాపులో ఒకవైపు పాడైన కాగితాలు కట్టలుగా అడిగి తెచ్చుకునేది. ఆ కట్టలోంచి ఒకటి ముందుకు లాక్కుని నల్ల పెన్ను మూత తీసేది. అక్క మొదలెట్టగానే పెన్ను కదిలేది. అక్క ఆగినప్పుడు పెన్ను కూడా ఆగి, ఈమె ఊ అనగానే మళ్ళీ బయల్దేరేది.

గియ్యడంలో పిట్ట చెయ్యి తిరిగిన మనిషని పేరు గానీ, ఊ కొట్టడంలో ఆమె అంతకంటే ఘనురాలు. పొట్టి ఊ అంటే సరే, తర్వాత. దీర్ఘం తీసిన ఊ అంటే అవునా, నాకు తెలియనే తెలియదే. చివర ఎత్తి ఆపిన ఊ అంటే వాడికెంత ధైర్యం. మధ్యలో ఒక అయ్యో, ఒక "మరి బావేమన్నాడు?" కూడా పడేవి. వీటిల్లో ఏది ఎక్కడ వెయ్యాలో అక్క గొంతే చెప్పేది. గొంతు లేస్తే అయ్యో, దిగితే ఊ. మాటలు ఏమిటన్నది ఆమె చెవికెక్కేది కాదు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకుని అక్క కథ చెబుతుంటే, కథలో రాజెవరో దొంగెవరో తెలియకుండానే హాయిగా నిద్రపోయేది. అప్పటినుంచీ అంతే. ఆ గొంతు పక్కన వినపడుతుంటే చాలు, ఏ భయమూ ఉండేది కాదు. దీన్ని ప్రేమ అనాలా, పెడచెవిన పెట్టడం అనాలా అంటే రెండూ అనాలి.

ఒక సాయంత్రం అక్క గొంతు లేవనూ లేదు, దిగనూ లేదు. ఏడవకూడదని ముందే అనుకుని, మాటలు కూర్చుకుని చేసిన ఫోన్ అది. అందుకే సాఫీగా సాగింది. పిట్టకు అది మామూలు కబుర్లలాగే వినిపించింది, చెయ్యి మాంచి ఊపులో ఉంది. అక్క చెప్పింది ఇదీ.

"కుడి చెవి ఎప్పుడో పోయిందే, నీకు చెప్పలేదు. ఇప్పుడు ఎడమది కూడా పోతోంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు. ఇన్నేళ్ళూ నేనే వాగాను, నువ్వు విన్నావు. ఈ ఆదివారం వచ్చి రోజంతా నువ్వు మాట్లాడవే. ఏదో ఒకటి. చెవి ఉండగానే నీ గొంతు నింపుకోవాలనుంది. వస్తావా?"

"ఊ" అంది పిట్ట.

ఒక మనిషి అంత మాట అడిగితే ఆ మాట మనకు వినపడింది, వినాల్సినదానికి వినపడలేదు. ఆమె కాగితం మీద అప్పుడే ఒక కుందేలు పూర్తయింది. తన రెండు చెవులూ తీసి, ఉతికిన బట్టల్లా తీగ మీద ఆరేసి, క్లిప్పులు పెట్టి, కింద కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకుని టీ తాగుతోంది. ముఖంలో ఎంత సుఖమో. పిట్ట దాన్ని చూసి తనలో తను నవ్వుకుంది. ఫోన్ పెట్టేస్తూ, ఉంటానక్కా అని కూడా అంది.

ఆదివారం తలంటుకుంది. కొత్త పెన్నులు కొనుక్కొచ్చింది. మధ్యాహ్నం ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

సోమవారం ఫోన్ రాలేదు. అక్కకు డ్యూటీ మారిందేమో అనుకుంది. మంగళవారం కూడా రాకపోతే, ఏదో పని పడి ఉంటుందనుకుంది. వారం గడిచేసరికి కాస్త రోషం వచ్చింది. ఫోన్ చెయ్యడం అక్క వంతు, ఊ కొట్టడం తన వంతు. ఇన్నేళ్ళలో ఆ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు. నేనేం చేశానని అక్క అలిగింది అనుకుంది, తనే చేస్తుందిలే అని భీష్మించుకుంది. ఆ రోషం ఎంతో కాలం నిలవలేదు. తనే చేసింది. అక్క ఎత్తలేదు. ఫోన్ చెయ్యవేమే అని మెసేజీ పెడితే దానికీ జవాబు లేదు. బావకు చేస్తే, పడుకుంది అన్నాడు ఒకసారి, పనిలో ఉంది అన్నాడు ఇంకోసారి. బావ మాటలు అరువు తెచ్చుకున్నట్టు పొదుపుగా వాడే మనిషి, కాబట్టి అందులో వింతేమీ తోచలేదు.

సాయంత్రం అయ్యేసరికి బెంగ మొదలయ్యేది. ఆ గంట దగ్గరపడుతుంటే పిట్ట కప్పు కడిగి బల్ల మీద పెట్టేది, ఫోన్ దానికి ఆనించేది, కాగితం లాక్కునేది. కింద కొట్లో సైకిలు చక్రం గిర్రున తిరిగి ఆగిన చప్పుడు వినిపించేది. ఫోన్ మాత్రం ఉలకదు పలకదు. అక్క మాట మధ్యలో టీ చప్పరించే చప్పుడూ, కుర్చీ జరుపుకునే కిర్రూ, "ఎక్కడున్నాను? ఆఁ" అని తెగిన దారం అందుకునే పద్ధతీ ఒక్కొక్కటీ గుర్తొచ్చేవి. ఇన్నేళ్ళలో అక్క చెప్పిన ఒక్క కబురైనా గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఒక్కటీ దొరకలేదు. దానికి ఆశ్చర్యపోయింది గానీ, అక్కడే ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది.

చెయ్యి కూడా మొరాయించింది. రేడియో పెట్టి చూసింది. ఆ గొంతు తనతో మాట్లాడటం లేదని చేతికి తెలిసిపోయింది. కొట్టు వెనక వాటాలో ఉండే ఇంటావిడను టీకి పిలిచి మాట్లాడించింది. ఆవిడ చెప్పినదానికి బదులు అడిగే రకం. మొదటి పొట్టి ఊకే పట్టేసుకుని, నేనేమన్నానో చెప్పండి చూద్దాం అంది. చివరికి గ్యాసు కంపెనీకి ఫోన్ చేసి, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అన్న రికార్డు వింటూ కూడా గీసి చూసింది. పుట్టిన బొమ్మ ఒక సిలిండరు, దానికి రెండు కళ్ళు. ఎంత దిక్కుమాలిన బొమ్మో గీసినావిడకే తెలుసు.

ఈలోగా ఆ కుందేలు ఊరు మీద పడింది. బిస్కట్ల కంపెనీ మేనేజరు దాన్ని చూడగానే పగలబడి నవ్వి, కొత్త డబ్బాల మీద అచ్చేయించాడు. కొట్ల కిటికీల్లో, బస్టాపుల్లో, ఎక్కడ చూసినా చెవులు ఆరేసుకున్న కుందేలే. ఇలాంటివే ఇంకొన్ని కావాలన్నాడు. పిట్ట కిందా మీదా పడి గీసి పంపితే, చాలాసేపు చూసి, కుందేలు బాగానే ఉందండీ, కానీ దానికి చేసేందుకు పనేమీ ఉన్నట్టు లేదు అన్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు, ఉన్నమాటే.

ఆ రోజే ఆమెకు ఒక ఉపాయం తట్టింది. అక్కకు తన బొమ్మలంటే ప్రాణం. ఈ కుందేలును చూస్తే నవ్వకుండా ఉండలేదు, నవ్వితే అలక నిలవదు. ఒక డబ్బా కొని, మూత మీద చీటీ అంటించి కొరియర్లో పంపింది. చీటీలో, నవ్వొస్తే ఫోన్ చెయ్యి, పిట్ట, అని రాసింది. పంపాక మనసు తేలికపడి, దారిలో ఒక పాట కూడా కూనిరాగం తీసింది.

ఫోన్ రాలేదు. బావ వచ్చాడు.

ఆయన ఆ గదికి రావడం అదే మొదలు. మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకుని, లోపలికొచ్చి, సంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. బిస్కట్లు అలాగే ఉన్నాయి, సీలు కూడా తియ్యలేదు. పిట్ట నవ్వబోయి ఆయన ముఖం చూసి మానేసింది. నీళ్ళిస్తే తాగలేదు. కూర్చోమంటే కూర్చున్నాడు.

"నీ పని నువ్వు చేసుకున్నావు, నేనేం అనను. కానీ ఇది దానికి పంపకుండా ఉండాల్సింది పిట్టా."

ఎందుకని అడిగింది. ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. తెలియనట్టు నటిస్తోందేమో అనుకున్నట్టున్నాడు. తర్వాత తన జన్మలో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు. చెవుల సంగతి చెప్పాడు. మిషను పెట్టించారట, మాట కంటే గరగర ఎక్కువ వినిపిస్తోందని తీసేసిందట. ఆసుపత్రి వాళ్ళు మంచివాళ్ళే, ఫోన్ల దగ్గర్నుంచి తీసి కాగితాల గదిలో వేశారట. ఆ ఆదివారం సంగతి చెప్పాడు. ఇల్లంతా సర్దిందట. పిట్టకు ఎండ పడదని కిటికీ తెర మార్పించిందట. వేరే చప్పుడేదీ అడ్డం రాకూడదని ఆయన్ను పొద్దున్నే తమ్ముడింటికి పంపేసిందట. ఆయన చీకటి పడ్డాక తిరిగొస్తే ఇంకా వీధి వైపే చూస్తూ కూర్చుని ఉందట.

"నాకు తెలియదు బావా."

"ఫోన్లో చెప్పిందిగా. నువ్వు ఊ అన్నావట."

పిట్ట డబ్బా వైపు చూసింది. బల్ల మీది కుందేలు హాయిగా టీ తాగుతోంది. దాని చెవులు తీగ మీద ఊగుతున్నాయి.

"నీ బొమ్మలున్న డబ్బాలూ కప్పులూ అన్నీ కొని దాచుకుంటుంది. నేను చెప్పింది ఒక్క ముక్క వదలదు నా చెల్లెలు, విన్నదే బొమ్మగా గీస్తుంది అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. అందుకే ఈ కుందేలు చూసి, ఇదీ విన్నదన్నమాట, నవ్వులాట చేసి అమ్ముకుంది, రావడానికి మాత్రం తీరలేదు అంది. అంతే. ఆ తర్వాత దాని గురించి మాట్లాడలేదు."

పిట్ట అప్పుడు చెప్పేసింది. వినలేదని, ఆ రోజే కాదు, ఎప్పుడూ వినలేదని. బావ బిస్కట్ల డబ్బాను పక్కకు జరిపాడు. లేచి నిలబడి, ఆ మాట మాత్రం దానితో అనకు అన్నాడు. ఆ రోజు సిగ్నల్ సరిగా లేదని చెప్పు, సరిపోతుంది. ఇన్నేళ్ళూ ఒకళ్ళు విన్నారన్న తృప్తి ఒక్కటైనా మిగలనీ.

ఇద్దరూ ఒకే బస్సెక్కారు. దారంతా పిట్ట ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పుకుంటూనే ఉంది. సిగ్నల్ పోయిందక్కా, మధ్యలో తెగిపోయిందక్కా, నేనేదో అడిగావనుకుని ఊ అన్నానక్కా. చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదు, పైగా బావ చెప్పమన్నదే. నిజం చెబితే ఏమవుతుందో కూడా చూసుకుంది. చెల్లెలు ఎగతాళి చేసిందనుకుని బాధపడుతున్న మనిషికి, కాదక్కా, నువ్వు ఇన్నేళ్ళూ గోడతో మాట్లాడావు అని చెప్పడం. ఏది తక్కువ బాధో ఆమెకు అంతుచిక్కలేదు. అక్కకు ఇంకా కాస్త చెవి మిగిలి ఉంటే చాలు, లేకపోతే ఏ మాటైనా ఒకటే కదా అని ఒక భయం మాత్రం వదల్లేదు.

తలుపు తీసే ఉంది. అక్క వీపు ఇటు పెట్టి కూర్చుని బట్టలు మడతపెడుతోంది. పిట్ట అక్కా అంది. మళ్ళీ అంది. మడత ఆగలేదు. చుట్టూ తిరిగి ఎదుట నిలబడితే అప్పుడు తలెత్తింది.

"వచ్చావా" అంది.

 అది తను బెంగపెట్టుకున్న గొంతు కాదు. తన మాట తనకే సరిగా వినపడని మనిషి గొంతు. అవసరానికి మించి పెద్దగా, ఎత్తుపల్లాలు లేకుండా, ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో మరిచిపోయినట్టుంది. ఇన్నాళ్ళూ ప్రతి సాయంత్రం కప్పు ముందు కూర్చుని ఎదురుచూసింది ఆ పాత గొంతు కోసం. అది ఇక ఏ ఫోన్లోనూ రాదు. పిట్ట నిలబడిన చోటే ఏడ్చేసింది.

అక్క ఏడుపు మాన్పించలేదు, కసురుకోనూ లేదు. బట్టలు పక్కన పెట్టి, కుర్చీ చూపించింది. ఎదురుగా అద్దాల బీరువా ఉంది. ఇంకొకళ్ళయితే అందులో మంచి గిన్నెలు పెట్టుకుంటారు. అక్క అందులో పట్టీల డబ్బాలూ కప్పులూ కేలెండర్లూ వరసగా నిలబెట్టింది. పిట్ట గీసి మరిచిపోయినవి కూడా అక్కడున్నాయి.

అక్క లేచి అద్దం తెరిచింది. జిరాఫీ ఉన్న డబ్బా తీసింది. "మీ బావ మెట్ల మీద పడి మోకాలు చెక్కుకుని, ఎవరూ ఊదలేదని చిన్నపిల్లాడిలా అలిగిన రోజుది కదా ఇది" అంది. మొసలిని తీసి, పళ్ళ డాక్టరు ఫోన్ ఎత్తనని మొండికేసిన రోజుదంది. లిఫ్టు వాళ్ళను అడిగి తెచ్చుకున్న ఏనుగు స్టిక్కరును చూపిస్తూ, మా పెద్దనర్సు లిఫ్టులో ఇరుక్కుపోయిన సంగతి కదా అంది. ఒక్కోటీ తీసి, ఒక్కోటీ తుడిచి, చెల్లెలి ముఖం వంక చూసి, అవును కదా అని అడుగుతోంది.

పిట్ట ఆ బొమ్మల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఒక్కో దాని వెనకా అక్క ఇల్లుంది, అక్క రోజు ఉంది, అక్క నవ్వుకున్న సంగతీ నలిగిన సంగతీ ఉన్నాయి. అవన్నీ చెవిలోంచి చేతిలోకి దిగిపోయాయి, మధ్యలో తను లేదు. ఇప్పుడు ఒక్క ఊ అంటే చాలు. అక్కకు వినపడకపోయినా, తల ఆడిస్తే చాలు. బావ గుమ్మంలో నిలబడి అదే అనమన్నట్టు చూస్తున్నాడు.

"అక్కా, నేను వినలేదు" అంది. "ఆ రోజే కాదు. ఎప్పుడూ వినలేదు. నీ గొంతు వినేదాన్ని, మాటలు కాదు. ఇవెలా వచ్చాయో నాకు తెలియదు."

అక్క చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఆఁ? పెద్దగా చెప్పు."

పిట్ట పెద్దగా చెప్పింది. అలాంటి మాట పెద్దగా చెప్పడం ఎంత కష్టమో చెప్పేవాళ్ళకే తెలుస్తుంది. మెల్లిగా చెప్పినప్పుడు తప్పులా ఉన్నది, గట్టిగా చెప్పేసరికి తిట్టులా ఉంది.

"ఇంకా పెద్దగా" అంది అక్క.

మూడోసారి అరిచింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నేను నీ మాటలు ఎప్పుడూ వినలేదక్కా, నీ గొంతుంటే నాకు చాలక్కా, ఆదివారం నువ్వు పిలిచినట్టే నాకు తెలియదక్కా అని ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, బొంగురుపోయిన గొంతుతో వీధంతా వినేలా అరిచింది. బావ తల పట్టుకుని లోపలికెళ్ళిపోయాడు.

అక్క చేతిలోని కప్పు బీరువాలో పెట్టి, అద్దం మూసి, వచ్చి కూర్చుంది.

"మొదటిసారే వినపడిందిలే" అంది.

పిట్ట ముక్కు చీదుకోవడం ఆపింది.

"నువ్వు ఒక్క ఊపులో ఇన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడు విన్నాను? నీ దగ్గర నాకు దొరికిందల్లా ఊ. ఇంకోసారి విందామనిపించింది. తర్వాత ఇంకోసారి అనిపించింది."

"కోపం లేదా అక్కా?"

"ఎందుకుండదు, బోలెడుంది. కోపం ఎక్కడికీ పోదు, తీరిగ్గా కోప్పడతాను. చెవే ఆగేలా లేదు. ముందు మాట్లాడు."

ఏం మాట్లాడాలని అడిగింది పిట్ట. ఏదైనా సరే అంది అక్క; చెవిటిదాని ముందు శంఖం ఊదేదేదో ఇప్పుడే ఊదు, తర్వాత ఊదినా దండగ. అని తన మాటకు తనే నవ్వింది. నవ్వు మాత్రం మారలేదు, పాతదే.

జీవితమంతా ఊ తప్ప ఇంకేమీ అననిదానికి మాటలెక్కడి నుంచి వస్తాయి? ఎక్కడ మొదలెట్టాలో తోచక పిట్ట ఎక్కి వచ్చిన బస్సుతో మొదలెట్టింది. పక్క సీటావిడ ఒళ్ళో ఉన్న అలారం గడియారం ఉన్నట్టుండి మోగితే బస్సంతా ఉలిక్కిపడటం చెప్పింది. తన గది గురించి చెప్పింది, కింద కొట్లో చక్రాల చప్పుడు గురించి, గ్యాసు సిలిండరుకు కళ్ళు పెట్టిన సంగతి గురించి. పొద్దు వాలుతుంటే చిన్నప్పటి దుప్పటి గురించి చెప్పింది. మాటలు తడబడుతున్నాయి, ఒకటి చెప్పబోయి ఇంకోటి చెబుతోంది, అయినా ఆపలేదు.

అక్క కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఎడమ చెవి చెల్లెలి నోటి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది. చాలాసేపటికి పిట్టకు అనుమానం వచ్చి, వింటున్నావా అక్కా అని అడిగింది. అక్క తల ఊపింది గానీ ఊ అనలేదు. తను ఊ అంటే ఆ చప్పుడుకు చెల్లెలి మాట ఒకటి వినపడకుండా పోతుంది.